కాగితం గొట్టంతో గుండె చప్పుడు వినడం ఎలా?

వైద్య చరిత్రలో నవ్వు తెప్పించే ఘట్టాలకు కొదవలేదు. కానీ వాటిలో మనం ఇంట్లోనో బడిలోనో మళ్లీ చేసి చూడగలిగేవి చాలా తక్కువ. ఒక డాక్టరు మొహమాటపడి, కాగితాలు చుట్టి, స్టెతస్కోపుకు పునాది వేసిన ఘట్టం అలాంటి వాటిలో ఒకటి. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రసరణ పాఠం చదివిన చాలామందికి రెనె లెన్నెక్ అనే పేరు తెలుసు. పిల్లలు ఆ పేరునూ, 1816 అనే సంవత్సరాన్నీ బట్టీ పడతారు, మార్కు తెచ్చుకుంటారు, మర్చిపోతారు. అదే వాళ్ల చేత కాగితం చుట్టించి, పక్కనున్న వాళ్ల గుండె వినిపించండి. ఇక మర్చిపోరు. ఈ పద్ధతంతా అందుకే రాస్తున్నాను. టీచర్లకూ, ఇంట్లో బడికి వెళ్లే పిల్లలున్న వాళ్లకూ పనికొస్తుంది.

కావాల్సినవి: ఒక దస్తా తెల్ల కాగితాలు, అంటే 24 ఏ4 షీట్లు (ఒకవైపు రాసేసినవైనా పర్లేదు), ఒక పెన్సిల్, జిగురు, టేపు, ఒక గుండుసూది, సెకన్ల ముల్లున్న గడియారం. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

1. ముందు కథ చెప్పండి

కాగితం చేతికివ్వకముందే కథ చెప్పండి. ఎందుకు చుడుతున్నామో తెలియకపోతే అది ఉత్త క్రాఫ్టు పీరియడ్ అయిపోతుంది.

1816 నాటికి లెన్నెక్‌కు 35 ఏళ్లు. పారిస్‌లో డాక్టరు. ఆ ఏడాదే అక్కడి నెకెర్ ఆసుపత్రిలో చేరాడు. గుండె జబ్బు లక్షణాలతో ఒక యువతి ఆయన దగ్గరికి వచ్చింది. ఆ రోజుల్లో ఛాతీలో ఏముందో తెలుసుకోవడానికి డాక్టర్లకు ఉన్న ముఖ్యమైన దారులు మూడు: చెయ్యి పెట్టి చూడటం, వేళ్లతో తట్టి వినడం, నేరుగా ఛాతీకి చెవి ఆనించడం. ఆమె కాస్త ఒళ్లున్న మనిషి కావడంతో చెయ్యి పెట్టినా, తట్టినా ఏమీ తెలియలేదు. మిగిలింది చెవి ఆనించడం. వయసులో ఉన్న ఆడమనిషి గుండెల మీద తల పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు.

అప్పుడాయనకు శబ్దశాస్త్రంలో అందరికీ తెలిసిన విషయం ఒకటి గుర్తొచ్చింది. పొడవాటి దూలానికి ఒక చివర చెవి పెట్టి వింటే, రెండో చివర గుండుసూదితో గీకినా స్పష్టంగా వినిపిస్తుంది. వెంటనే చేతికందిన కాగితాలను గట్టిగా చుట్టాడు. ఒక చివర ఆమె ఛాతీ మీద ఆనించి, రెండో చివర తన చెవి పెట్టాడు. నేరుగా చెవి పెట్టి విన్నప్పటికంటే గుండె ఇంకా బాగా వినిపించింది! మొహమాటం పోగొట్టుకోవడానికి చేసిన ఏర్పాటు, మొహమాటం లేని పద్ధతి కంటే బాగా పనిచేసింది. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు ఇదే. పిల్లలు కూడా ఇక్కడే నవ్వుతారు.

చెప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. మొదటిది, నవ్వును ఆ అమ్మాయి ఒంటి మీదకు పోనివ్వకండి. చాలామంది ఈ కథను ఆమె లావు చుట్టూనే తిప్పుతారు. క్లాసులో ఒళ్లున్న పిల్లలు ఉంటారు, వాళ్లు తల దించుకుంటారు. ఆమె ఆరోగ్యం బాగాలేక వచ్చిన రోగి, ఇరుకున పడింది డాక్టరు. కథ డాక్టరు వైపు నుంచే చెప్పండి. రెండోది, లెన్నెక్ ఒక రోజు ఆరుబయట పిల్లలు దూలంతో ఆడుకోవడం చూశాడని, అందులోంచే ఈ ఆలోచన పుట్టిందని చాలాచోట్ల రాస్తారు. 1819లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన మాత్రం పిల్లల ఊసెత్తలేదు, శబ్దశాస్త్రంలో తెలిసిన విషయమనే రాశాడు. పిల్లల కథ ముచ్చటగా ఉంటుంది కాబట్టి చెప్పాలనిపిస్తే, తర్వాత వాళ్లు చెప్పుకున్న కథ అని చెప్పి మరీ చెప్పండి.

2. గుండుసూది పరీక్ష

కథలోని దూలం మాటను ఇప్పుడే పరీక్షించండి. బడిలో పొడవాటి చెక్క బెంచీ ఉంటే అంతకంటే మంచిది లేదు. ఇంట్లో అయితే డైనింగ్ టేబుల్, పాత తలుపు చెక్క, ఏదైనా సరే. ఒకరు ఒక చివర చెవి ఆనించి, రెండో చెవిని వేలితో మూసుకోవాలి. ఇంకొకరు అవతలి చివర గుండుసూదితో మెల్లగా గీకాలి. తర్వాత చెవి పైకెత్తి, అదే గీకుడును గాలిలో వినమనండి. తేడా ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

కారణం రెండు మాటల్లో చెప్పొచ్చు. గాలిలో శబ్దం నాలుగు వైపులా పరుచుకుని పలచబడుతుంది. చెక్కలో, లేదా గొట్టంలో, అది ఒకే దారిలో నడిచి చెవికి చేరుతుంది.

3. గొట్టం చుట్టడం

ఆరేసి షీట్లు ఒక కట్టగా తీసుకోండి. 24 షీట్లూ ఒకేసారి చుట్టబోతే జారిపోతాయి. పెన్సిల్‌ని కాగితం పొట్టి అంచు వెంబడి కాకుండా, పొడవాటి అంచు వెంబడి పెట్టండి. అలా చుడితే గొట్టం కాగితం పొడవంతా, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు వస్తుంది. మొదటి కట్టను పెన్సిల్ చుట్టూ బిగించి చుట్టి, అంచుకు జిగురు రాయండి. దాని మీద రెండో కట్ట, ఆపైన మూడోది, నాలుగోది. ప్రతి కట్టకూ అంచు దగ్గర జిగురు రాసి, ఆఖరున రెండు చివరలా, మధ్యలో టేపు వేయండి. పెన్సిల్ లాగేయండి. దాదాపు రెండున్నర సెంటీమీటర్ల లావున్న గట్టి గొట్టం తయారవుతుంది. రెండు చివరలూ సమంగా లేకపోతే బల్ల మీద నిలబెట్టి తట్టి సరిచేయండి. చివర ఎగుడుదిగుడుగా ఉంటే ఛాతీకి పూర్తిగా ఆనదు, సందులోంచి బయటి చప్పుళ్లు దూరతాయి.

పెన్సిల్ తీశాక మధ్యలో మిగిలే ఆ రంధ్రం గురించి పిల్లలకు తప్పకుండా చెప్పండి. లెన్నెక్ తర్వాత మూడు దస్తాల కాగితం గట్టిగా చుట్టి, జిగురుతో అతికించి మంచి గొట్టం చేసుకున్నాడు. కాగితాన్ని ఎంత బిగించి చుట్టినా మధ్యలో కాస్త సందు మిగిలిపోతుంది కదా. అది ఆయన కోరి పెట్టింది కాదు. కానీ రోగి మాట్లాడినప్పుడు ఛాతీలో ఆ మాట ఎలా పలుకుతుందో వినడానికి ఆ రంధ్రమే ముఖ్యమని ఆయనకు వాడగా వాడగా తెలిసింది. గుండె వినడానికి మాత్రం రంధ్రం లేని గొట్టమే మేలనుకున్నాడు. గాజుతో, లోహంతో కూడా ప్రయత్నించి చూశాడు. అవన్నీ పక్కన పెట్టి, మరీ గట్టివీ మరీ మెత్తనివీ కాని కాగితం, తేలిక చెక్క, బెత్తం లాంటివే బాగా పనిచేస్తాయని తేల్చాడు. చివరికి చెక్క మీద స్థిరపడి, ఇంట్లోనే చెక్కను తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం (లేత్) పెట్టుకుని గొట్టాలు స్వయంగా తయారుచేసుకున్నాడు. ఆ చెక్క గొట్టం పొడవు సుమారు ఒక అడుగు. మీ చేతిలోని కాగితం గొట్టమూ దాదాపు అంతే ఉంది! ఆయన వేణువు వాయించేవాడు కూడా. గొట్టంలో గాలి పలికే తీరు ఆయన చెవికి కొత్త కాదు.

4. ఎవరిని ఎవరు వినాలి

ఈ పరికరం పుట్టిందే ఎదుటి మనిషి ఒంటికీ మన తలకూ మధ్య కాస్త దూరం ఉండాలన్న మర్యాద నుంచి. కాబట్టి అడగకుండా ఎవరి ఛాతీ మీదా గొట్టం పెట్టనివ్వకండి. వద్దన్నవాళ్లను బలవంతం చేయొద్దు, వాళ్లు లెక్కపెట్టే పని, రాసే పని చేస్తారు. ఆడపిల్లలు ఆడపిల్లలవి, మగపిల్లలు మగపిల్లలవి వినేలా జతలు కుదర్చండి. పలచటి నూలు బట్ట మీదుగా కూడా వినిపిస్తుంది, చొక్కా విప్పక్కర్లేదు. ఇంట్లో అయితే పిల్లలు నాన్న గుండె, తాతయ్య గుండె వింటారు. అమ్మమ్మలు మొదట సిగ్గుపడినా, వాళ్ల వంతు వచ్చేసరికి గొట్టం త్వరగా వదలరు.

5. వినడం

ఫ్యాన్ ఆపండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఫ్యాను గాలి హోరులో గుండె చప్పుడు పూర్తిగా కలిసిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు, పొద్దున్నే చేయండి. టీవీ, మిక్సీ, మోటారు ఏదీ నడవకూడదు.

వినిపించే వాళ్లు కూర్చుని కాస్త ముందుకు వంగాలి. లేదంటే ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. అప్పుడు గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది. గొట్టాన్ని రొమ్ము ఎముకకు ఎడమ పక్కన, చనుమొనకు కొంచెం కింద పెట్టండి. మొదట ఏమీ వినబడకపోతే ఒక అంగుళం ఇటూ అటూ జరపండి. గొట్టాన్ని కలం పట్టుకున్నట్టు, ఛాతీకి దగ్గరగా పట్టుకోవాలని లెన్నెక్ చెప్పాడు. అలా పడితేనే చివర మొత్తం ఒంటికి ఆనిందో లేదో వేళ్లకు తెలుస్తుంది. గట్టిగా నొక్కొద్దు. రెండో చెవిని వేలితో మూసుకోండి. గొట్టం మీద వేళ్లు కదిపితే ఆ రాపిడే పెద్ద చప్పుడై వినిపిస్తుంది, కాబట్టి కదలకండి.

ఇంకా వినబడకపోతే, వినిపించే వాళ్లను ఇరవై గుంజీళ్లు తీయించి మళ్లీ పెట్టండి. ఈసారి తప్పకుండా దొరుకుతుంది. గుండె జబ్బున్నవాళ్ల చేత, పెద్దవయసు వాళ్ల చేత మాత్రం గుంజీళ్లు తీయించొద్దు.

దొరికాక అది ‘లబ్’, ‘డబ్’ అని రెండు చప్పుళ్లుగా వినిపిస్తుంది. కర్ణికలకూ (గుండె పై గదులు) జఠరికలకూ (కింది గదులు) మధ్య ఉన్న కవాటాలు మూసుకున్నప్పుడు మొదటిది, జఠరికల నుంచి రక్తం బయటికి వెళ్లే చోట ఉన్న కవాటాలు మూసుకున్నప్పుడు రెండోది. వీటిని లోకంలో అందరికంటే శ్రద్ధగా విన్న లెన్నెక్కే రెండో చప్పుడుకు కారణం తప్పు చెప్పాడు. కర్ణికలు ముడుచుకోవడం వల్ల అది వస్తుందనుకున్నాడు. ఆయన పోయిన తర్వాత ఇతరులు దాన్ని సరిదిద్దారు. పరీక్షలో తప్పు రాసి బాధపడే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. అదే సమయంలో ఇంకొకరు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ కలవాలి. తీరిగ్గా కూర్చున్న పెద్దవాళ్లలో నిమిషానికి 60 నుంచి 100 వరకు మామూలే. పిల్లల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. ఇది వినడం నేర్చుకోవడానికి చేసే పని, జబ్బు కనిపెట్టడానికి కాదు. లయ తప్పినట్టు అనిపించిందని ఎవర్నీ భయపెట్టొద్దు, బాగానే వినిపించిందని ఛాతీ నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. రెండింటికీ డాక్టరే.

6. ఊపిరి, మాట

గుండె అయ్యాక గొట్టాన్ని వీపు మీద, భుజం ఎముకల కింద పెట్టి, లోతుగా ఊపిరి పీల్చమనండి. మెత్తటి గాలి శబ్దం వస్తుంది. తర్వాత అక్కడే పెట్టి, ఒకటి నుంచి పది వరకు అంకెలు చెప్పమనండి. గొణుగుడులా వినిపిస్తుంది. అదే గొట్టాన్ని గొంతు పక్కన మెల్లగా ఆనించి, మళ్లీ అంకెలు చెప్పమంటే మాట నేరుగా చెవిలో పడుతుంది. క్షయ వల్ల ఊపిరితిత్తిలో బొరియ పడిన రోగుల్లో, గొంతు దగ్గర వినిపించినంత స్పష్టంగా ఛాతీ మీద కూడా మాట వినిపించడం లెన్నెక్ గమనించాడు. రంధ్రం ఉన్న గొట్టం పనికొచ్చిందని చెప్పుకున్నాం కదా, అది ఇక్కడే.

ఇప్పుడు పిల్లలకు కాగితం ఇచ్చి, విన్న చప్పుళ్లు ఎలా ఉన్నాయో వాళ్ల మాటల్లో రాయమనండి. ఈ భాగాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. లెన్నెక్‌కు వచ్చిన ఇబ్బంది కూడా ఇదే. అంతవరకు ఎవరూ అంత బాగా వినని చప్పుళ్లకు పేర్లు లేవు. రికార్డు చేసి వినిపించే సాధనం లేదు. దూరాన ఉన్న డాక్టరుకు కాగితం మీద చప్పుడు ఎలా పంపాలి? అందుకని ఆయన ఇంట్లో, వీధిలో వినిపించే శబ్దాలను వెతుక్కున్నాడు. న్యుమోనియా రోగి ఊపిరిలో వినిపించే చిటపటను పెనంలో ఉప్పు వేయించినప్పటి చప్పుడుతో పోల్చాడు. ఇంకో చప్పుడు గువ్వ కూసినట్టు, ఇంకోటి చిన్న పిట్టలు కిచకిచమన్నట్టు ఉందన్నాడు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిన రోగి మాట మేక అరుపులా వణుకుతుందని రాశాడు. కారిడార్‌లో నిలబడి వింటే రోగుల వార్డా, పశువుల సంతా అనిపించే జాబితా ఇది. కానీ ఆయన రోగి చనిపోతే శవపరీక్ష చేసి, బతికుండగా ఏ చప్పుడు విన్నాడో లోపల ఏముందో పక్కపక్కన పెట్టి చూశాడు. మేక అరుపు వెనక నీరు నిజంగానే ఉంది. ఆ పేర్లలో కొన్ని ఈ రోజుకీ వైద్య విద్యార్థులు చదువుతున్నారు.

మన పిల్లలు కూడా అద్భుతంగా రాస్తారు. కడుపు మీద గొట్టం పెట్టి వినమంటే ఇంకా బాగా రాస్తారు, ముఖ్యంగా భోజనానికి ముందు పీరియడ్‌లో.

7. పాత పద్ధతులు కూడా చూపించండి

గొట్టం విలువ తెలియాలంటే అంతకుముందు ఏం చేసేవాళ్లో కొంచెమైనా తెలియాలి. తట్టి వినే పద్ధతి 1761లో వియన్నాలో అచ్చులోకి వచ్చింది. రాసినవాడు లియోపోల్డ్ ఔఎన్‌బ్రుగర్, పూటకూళ్ల ఇల్లు నడిపే ఆయన కొడుకు. మద్యం పీపాను తట్టి ఎంతవరకు నిండి ఉందో చెప్పడం తండ్రి దగ్గరే నేర్చాడని చెప్తారు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1808లో నెపోలియన్ వైద్యుడు కొర్విసార్ ఫ్రెంచిలోకి అనువదించాకే అందరికీ తెలిసింది. లెన్నెక్ ఆ కొర్విసార్ శిష్యుడే. సగం నీళ్లున్న ప్లాస్టిక్ డబ్బానో, బియ్యం డబ్బానో తీసుకుని పైనుంచి కిందికి వేలితో తట్టించండి. ఖాళీ ఎక్కడ ఆగిందో కళ్లు మూసుకుని చెప్పగలుగుతారు.

అంతకంటే పాతది చెప్పడానికే గానీ చేయడానికి కాదు. హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న గ్రీకు గ్రంథాల్లో, రోగిని కదలని పీట మీద కూర్చోబెట్టి, ఒకరు చేతులు పట్టుకుంటే వైద్యుడు భుజాలు పట్టి కుదిపి, ఛాతీలో నీళ్లు తొణికే చప్పుడు ఏ పక్క వస్తుందో వినమని ఉంది. వింటే నవ్వొస్తుంది. కానీ ఛాతీలో నీరూ గాలీ రెండూ చేరిన రోగుల్లో ఆ తొణుకుడు నిజంగానే వినిపిస్తుంది. సగం నీళ్లున్న వాటర్ బాటిల్‌ని చెవి దగ్గర కుదిపి చూపించండి. నిండు బాటిల్ కుదిపితే చప్పుడు రాదు, ఎందుకో పిల్లలనే చెప్పమనండి.

8. పిల్లలు అడిగేవి

“అందరూ వెంటనే ఒప్పుకున్నారా?” అని అడుగుతారు. లేదు. లెన్నెక్ పుస్తకాన్ని 1821లో ఇంగ్లీషులోకి తెచ్చిన డాక్టరు జాన్ ఫోర్బ్స్, ముందుమాటలోనే ఇది అందరి వాడకంలోకి వస్తుందన్న నమ్మకం తనకు లేదని రాశాడు. సమయం పడుతుందట, రోగికీ డాక్టరుకీ శ్రమ అట. అనువదించిన మనిషే అలా అన్నాడు. ఇప్పుడేమో గొట్టం పెట్టి చూడని డాక్టరు దగ్గర్నుంచి వస్తే “ఆయన సరిగా చూడనేలేదు” అంటారు మన ఇళ్లలో.

“చెవుల్లో పెట్టుకునే రెండు గొట్టాలు ఎప్పుడొచ్చాయి?” 1850ల మొదట్లో. అప్పటిదాకా ఎక్కువగా చెక్క గొట్టమే, ఒక చెవితోనే.

“లెన్నెక్ ఏమయ్యాడు?” ఈ ప్రశ్న వస్తే నిజం చెప్పండి. తన గొట్టంతో ఎందరి ఛాతీలోనో క్షయను కనిపెట్టిన ఆయన, 1826లో 45 ఏళ్ల వయసులో అదే జబ్బుతో తన సొంత ప్రాంతమైన బ్రిటనీలో పోయాడు.

“కడుపులో పాప గుండె కూడా వినిపిస్తుందా?” దీనికి ఇంకో ఘట్టం ఉంది. 1821లో కెర్గరదెక్ అనే ఫ్రెంచి డాక్టరు, గర్భంలో ఉమ్మనీరు కదిలే చప్పుడు వినాలని ఒక గర్భిణి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టాడు. నీటి చప్పుడు వినబడలేదు. దగ్గర్లో ఎక్కడో గడియారం టిక్కుటిక్కుమంటున్నట్టు వినిపించింది. లెక్కపెడితే నిమిషానికి 140 పైనే. తల్లి నాడి అందులో సగమే. నీళ్లకోసం వెళ్లిన మనిషికి బిడ్డ గుండె దొరికింది. మీరు చేసిన కాగితం గొట్టంతో ఇంట్లో గర్భిణుల మీద ప్రయోగాలు వద్దు, వినబడకపోతే అనవసరంగా టెన్షన్ పడతారు. దానికి బదులు మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు (ఏఎన్ఎమ్) గారి దగ్గర ఫీటోస్కోపు ఉంటే, ఒకసారి బడికి తెచ్చి చూపించమని అడగండి. గరాటు ఆకారంలో, ఒక చెవితో వినే గొట్టం అది. పిల్లలు చుట్టిన కాగితం గొట్టాలను దాని పక్కన బల్ల మీద పెట్టి, ఏది దేన్నుంచి వచ్చిందో వాళ్లనే చెప్పమనండి.